పడమటి ఎండలో గంగవాయిలి: లాన్ తీసేసిన చోట తినగలిగే నేలకప్పు

ఈ తోటలో సమస్యంతా పడమటి వైపే. ఇంటి గోడకూ, ఎత్తైన ప్రహరీకీ మధ్య సన్నగా, పొడుగ్గా ఉన్న స్థలం అది. మధ్యాహ్నం దాటితే ఎండ నేరుగా పడుతుంది. రెండు గోడలూ ఆ వేడిని పట్టుకుని, పొద్దుగూకాక కూడా చాలాసేపు వదులుతూనే ఉంటాయి. అక్కడ లాన్ వేసి ఉంది. ఎండలు ముదిరేసరికి గడ్డి ముందు గోడల వెంబడి పసుపెక్కి, ఆ తర్వాత మధ్యలో కూడా చాపలు చాపలుగా లేచిపోయేది. ఇంటివారు రోజూ రెండు పూటలా తడుపుతున్నా నిలవలేదు.

వాళ్లు నన్ను పిలిచి చెప్పింది సూటిగానే ఉంది. నేల బోడిగా కనబడకూడదు, నీళ్లు ఇలా పోస్తూ ఉండలేం, వీలైతే తినడానికి పనికొచ్చేది ఏదైనా వేయండి అన్నారు. చివరి మాట వాళ్లు ఏదో అదనంగా అడిగినట్టు అన్నారు కానీ, నా లెక్కలో డిజైన్ మొత్తం దాని మీదే నిలబడింది. గంగవాయిలి లాంటి మొక్కను తినడానికి కోస్తూ ఉంటేనే అది నేలను బాగా కప్పుతుంది. కోయకుండా వదిలేస్తే కొన్ని వారాల్లోనే కాడలు ముదిరి, గింజ రాల్చి, మధ్యలో బట్టతల పడిన కలుపు మొక్కగా మారుతుంది. ఈ కేసులో నేను చేసిన పనుల్లో సగం ఆ కోత సక్రమంగా జరిగేలా చూడటమే.

మొక్క ఎంపిక

ఎండకు తట్టుకునే రసభరిత మొక్కలు, అంటే ఆకుల్లో కాడల్లో నీళ్లు దాచుకునేవి, చాలానే ఉన్నాయి. వాటిలో తినదగినవి తక్కువ, తినదగినవాటిలో నేలను అంటుకుని పాకేవి ఇంకా తక్కువ. కార్పోబ్రోటస్ ఎడ్యులిస్ చూడటానికి బాగుంటుంది, పండు కూడా తింటారు. కానీ దాని సొంత గడ్డ దక్షిణాఫ్రికా. కాలిఫోర్నియా తీరంలోనూ, మధ్యధరా తీరంలోనూ అది స్థానిక మొక్కల్ని నొక్కేసి పెద్ద తలనొప్పి అయింది. నేను దాన్ని ఎక్కడా వేయను. సముద్ర తీరాల్లో పెరిగే సెసూవియం ఉప్పు నేలకు చక్కగా సరిపోతుంది, కానీ ఇక్కడ మట్టిలో ఉప్పు సమస్య లేదు.

చివరికి ప్రధాన మొక్కగా గంగవాయిలిని తీసుకున్నాను. పావిలి కూర, పాయల కూర అని పిలిచేది కూడా దీన్నే. శాస్త్రీయ నామం పోర్చులాకా ఒలరేసియా. ఇది ఏకవార్షికం, చలి పడదు, ఏడాదిలో కొన్నాళ్లు కనబడదు. ఆ ఖాళీ కాలంలో మడి అంచులు చెదిరిపోకుండా ఉండటానికి చుట్టూ పోర్చులకేరియా ఆఫ్రాలో నేలబారుగా పాకే రకాన్ని పెట్టాను. అది బహువార్షికం, దాని చిన్న గుండ్రటి ఆకులు కూడా పుల్లగా తినడానికి బాగుంటాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. నర్సరీల్లో పోర్చులకేరియాను చాలామంది జేడ్ అనే పిలుస్తారు. అసలు జేడ్ మొక్క క్రాసులా ఒవేటా వేరు, అది తినేది కాదు. పోర్చులకేరియా కాడలు సన్నగా, ఎర్రటి గోధుమ రంగులో ఉంటాయి, ఆకు చిటికెన వేలి గోరంత. క్రాసులా ఆకు దానికి కొన్ని రెట్లు పెద్దది, మందం, కాడ కూడా బొద్దుగా బూడిద రంగులో ఉంటుంది. పేరు చెప్పి కొనకండి, మొక్కను చూసి కొనండి. పూల కోసం అమ్మే పోర్చులాకా రకాలతో కూడా ఇదే చిక్కు. వాటిని అందం కోసమే పెంచుతారు కాబట్టి ఏ మందులు కొట్టారో తెలియదు. తినే మడిలోకి అవి రాకూడదు.

ఇది ఎండకు ఎందుకు తట్టుకుంటుంది

గంగవాయిలి గురించి మాట్లాడేటప్పుడు నాకు ఎప్పుడూ ఆసక్తి తగ్గని విషయం ఇది. మామూలు రోజుల్లో ఈ మొక్క మొక్కజొన్న, చెరకు లాగే సీ4 పద్ధతిలో ఆహారం తయారు చేసుకుంటుంది. వేడిలో వేగంగా పెరగడానికి అది మంచి పద్ధతి. నీళ్లు కరువైతే మాత్రం కాక్టస్ జాతుల్లో కనిపించే క్యామ్ పద్ధతి కూడా మొదలవుతుంది. రాత్రి చల్లబడ్డాక ఆకు రంధ్రాలు తెరిచి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మాలిక్ ఆమ్లంగా దాచుకుని, పగలు రంధ్రాలు మూసుకుని దాన్ని వాడుకుంటుంది. ఈ రెండు పద్ధతులూ వేర్వేరుగా కాకుండా ఒకే ఆకులో, ఒకే కణాల్లో కలిసి నడుస్తాయని 2022లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. ఇలాంటి కలయిక మొక్కల్లో చాలా అరుదు.

తోటపనికి దీనివల్ల తెలిసేది ఏమిటంటే, ఈ మొక్క విషయంలో బతకడం వేరు, కోతకు రావడం వేరు. నీళ్లు ఆపేస్తే చావదు. ఆకులు చిన్నవై, అంచులు ఎర్రబడి, బాగా కరువైతే కొన్ని రాలి, కాడలతోనే ఊపిరి బిగబట్టి ఉంటుంది. మళ్లీ తడి తగిలితే చిగురు వేస్తుంది. కానీ ఆ బిగబట్టిన కాలంలో పెరుగుదల ఉండదు, కోయడానికి లేత చివర్లు రావు. నీళ్లు అక్కర్లేని మొక్క కదా అని పూర్తిగా మానేసిన మడుల్లో నేను చూసేది ఎర్రటి పుల్లలే. ఈ తోటలో కావలసింది పచ్చటి పరుపు, తినడానికి ఆకు. కాబట్టి తక్కువ నీళ్లే అయినా సరైన వేళకు, లోతుగా అందాలి.

రుచి కూడా దీంతో ముడిపడి ఉంది. రాత్రంతా చేరిన మాలిక్ ఆమ్లం వల్ల తెల్లవారుజామున కోసిన ఆకు బాగా పుల్లగా ఉంటుంది. సాయంత్రానికి ఆ పులుపు దిగిపోతుంది. ఇంట్లో పులుపు పడనివాళ్లు ఉంటే సాయంత్రం కోయమని చెప్పాను.

నేల, విత్తనం

మట్టిని చూస్తే పైన గట్టిపడిన పొర, కింద ఇసుక పాలు ఎక్కువ. నీళ్లు ఇంకిపోవడానికి ఢోకా లేదు. గంగవాయిలికి సారం పెద్దగా అక్కర్లేదు, నీళ్లు నిలవకపోతే చాలు. గడ్డిని వేళ్లతో సహా తీసేసి, పై పొరను వేలి లోతున గుల్ల చేసి, బాగా మాగిన కంపోస్టు పలచగా కలిపాను. పచ్చి పశువుల ఎరువు గానీ యూరియా గానీ వేయవద్దని గట్టిగా చెప్పాను. నత్రజని ఎక్కువైతే ఈ మొక్క నైట్రేట్లను ఆకులో పోగేసుకుంటుంది, కాడ నీళ్లు పట్టి మెత్తబడుతుంది. తినే మొక్కకు రెండూ మంచివి కావు.

ఇంకొకటి కూడా ముందే చూశాను. ఆ ప్రహరీకి పాత పెయింటు పెచ్చులు రాలుతూ ఉన్నాయి. పాత పెయింట్లలో సీసం ఉండే అవకాశం ఎక్కువ, గంగవాయిలికి నేలలోని భార లోహాలను పీల్చుకునే గుణం ఉంది. అందుకే ప్రహరీ పక్కన ఒక వారగా తినే మొక్కలు వేయలేదు. అక్కడ గులకరాళ్లు పరిచాం. మట్టిని పరీక్ష చేయించి, ఫలితం బాగుందని తేలిన తర్వాతే మిగతా భాగంలో పని మొదలుపెట్టాం. వాహనాలు నిలిపే చోట, వీధి మురుగు వచ్చే చోట, ఇంతకుముందు కలుపు మందు కొట్టిన చోట ఈ మొక్కను తినడానికి పెంచకూడదు.

గంగవాయిలి గింజ నల్లగా, మిల్లీమీటరు కూడా లేనంత చిన్నగా ఉంటుంది. మొలవడానికి దానికి వెలుతురు కావాలి, వెచ్చటి నేల కావాలి. మట్టి కప్పితే చాలావరకు మొలవదు, నేల చల్లగా ఉన్నప్పుడు చల్లితే ఎదురుచూపులే. పొడి ఇసుకలో గింజ కలిపి మడంతా సమంగా చల్లి, పైన చెక్కతో నొక్కి వదిలేశాం. పైపుతో కొడితే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి కాబట్టి మొలక వచ్చేదాకా సన్నటి తుంపర మాత్రమే. వెచ్చటి నేలలో వారం లోపే ఎర్రటి కాడతో రెండేసి బుల్లి ఆకులు కనిపించాయి.

ఒత్తుగా మొలిచినచోట జానెడు దూరానికి ఒక మొక్క ఉండేలా పలచన చేయించాను. పీకినవి ఇంటివారు వంటకు తీసుకున్నారు. నడవడానికి మధ్యలో బండలు వేయించాను. ఇది లాన్ కాదు. కాలు పడితే కాడ పుటుక్కున తెగుతుంది, నలిగిన ఆకు మీద జారతారు కూడా.

నీళ్ల దగ్గర వచ్చిన చిక్కు

మొలకలు నిలదొక్కుకున్నాక పరుపు వేగంగా కమ్ముకుంది. అంతలో ఒక చివర మాత్రం మొక్కలు పొడుగ్గా సాగి, కణుపులు దూరమై, ఆకు పలచబడింది. కొన్నిటి మొదళ్లు నల్లబడి కుళ్లాయి. కారణం పాత లాన్ స్ప్రింక్లర్. తోట నీటి పనులు చూసే కాంట్రాక్టర్ టైమర్‌ను లాన్ రోజుల నాటి సెట్టింగ్‌లోనే వదిలేశాడు. రోజూ పొద్దుగూకాక అది ఆ చివరను తడుపుతోంది. పగలు వేడి, రాత్రంతా తడి ఆకు అయితే కుళ్లు ఎలాగూ వస్తుంది. ఆకు అడుగున తెల్లటి పొక్కుల్లా కనిపించే వైట్ రస్ట్ తెగులు కూడా ఇలాంటి తడి చోటే మొదలవుతుంది.

స్ప్రింక్లర్‌ను ఆ వైపు పూర్తిగా మూయించి డ్రిప్ లైన్ వేయించాను. కుళ్లిన మొక్కలను తీసేసి ఆ చోటును ఎండనిచ్చాం. తర్వాత తేదీలు, గంటలు లెక్క పెట్టకుండా ఆకును చూసి నీళ్లు పెట్టమని ఇంటివారికి నేర్పించాను. ఇంట్లో పెద్దావిడ, "రోజూ పెట్టకపోతే మాకు టెన్షన్‌గా ఉంటుందండీ" అన్నారు. మడి దగ్గర కూర్చుని ఆవిడతోనే ఒక ఆకును రెండు వేళ్ల మధ్య నొక్కించాను. నీళ్లు చాలినప్పుడు ఆకు బిర్రుగా, మెరుస్తూ ఉంటుంది, నొక్కితే వంగకుండా టప్‌మని చిట్లుతుంది. దాహం మొదలైనప్పుడు మెరుపు పోతుంది, నొక్కితే తోలులా వంగుతుంది. "అమ్మా, తోలులా వంగినప్పుడు మాత్రం డ్రిప్ తిప్పండి, లోతుగా తడిసేదాకా ఉంచండి" అన్నాను. ఆ తర్వాత ఆవిడ నీళ్ల గురించి నన్ను అడగాల్సిన పనే పడలేదు.

కోతే పోషణ

అసలు విషయానికి వస్తాను. గంగవాయిలి పరుపును ఒక చివర పట్టుకుని లేపి చూస్తే ఈ మొక్క స్వభావం మొత్తం కనిపిస్తుంది. పాకిన కాడలు నేలలో వేళ్లు దించవు. అన్నీ నడిమి మొదలు నుంచి వచ్చి నేల మీద వాలి ఉంటాయి, అందుకే మూత తీసినట్టు మొత్తం పైకి లేస్తుంది. కింద మట్టి చల్లగా, చెమ్మగా ఉంటుంది. పక్కనే గులకరాళ్ల అవతలి బోడి మట్టి మీద అదే సమయంలో చెయ్యి పెట్టి ఉంచలేం. ఈ నీడే నేలలో తడిని కాపాడుతుంది, కొత్త కలుపును మొలవనివ్వదు.

మొత్తం పరుపు ఒక్క మొదలు మీద ఆధారపడటం దీని బలహీనత కూడా. కాడలు పొడుగయ్యేకొద్దీ ఆకులన్నీ చివర్లకు చేరి, మధ్యలో ఎర్రటి పుల్లలు బయటపడతాయి. అక్కడ ఎండ తగిలి నేల ఎండుతుంది. ఇది వయసు మీద పడటం వల్ల వచ్చేది, నీళ్లు పెంచితే తగ్గదు. దీనికి మందు కత్తెరే. మొదలు దగ్గర రెండు మూడు కణుపులు, అంటే రెండు అంగుళాలు ఉంచి పైదంతా కోసేస్తే, ఆ కణుపుల నుంచి గుబురుగా కొత్త కొమ్మలు వస్తాయి. మొలిచాక నెల దాటేసరికి మొదటి కోతకు వచ్చింది. అప్పటినుంచి మడిని భాగాలుగా చేసి ఒకటి కోస్తే ఇంకొకటి ఎదిగేలా తిప్పాం. అందువల్ల ఎప్పుడు చూసినా మడిలో ఎక్కువ భాగం కప్పే ఉంటుంది, ఇంట్లోకి లేత ఆకూ ఆగకుండా వస్తుంది.

కోత ఆలస్యమైతే నష్టం పరుపుతో ఆగదు. పసుపుపచ్చటి చిన్న పూలు ఎండ బాగా ఉన్న పూట కొన్ని గంటలే విచ్చుకుని ముడుచుకుంటాయి, చాలామంది గమనించరు. ఒకటి రెండు వారాల్లో ఆ చోట చిన్న కాయ తయారై, దాని పైభాగం టోపీలా ఊడిపోయి, నల్లటి గింజలు రాలతాయి. ఒక బలమైన మొక్క లక్షకు పైగా గింజలు వేయగలదు. నేలలో పడ్డ గింజ ఏళ్ల తరబడి బతికే ఉంటుంది, తవ్వినప్పుడు వెలుతురు తగిలి మొలుస్తుంది. ప్రపంచంలో మొండి కలుపు మొక్కల జాబితాల్లో దీని పేరు ఎందుకు ఉందో ఇది చూస్తే అర్థమవుతుంది. మొక్కను పీకి పక్కన పడేసినా కాడలో దాచిన నీళ్లతో గింజను పండించుకుంటుంది, తెగిన ముక్క తడి నేలకు తగిలితే వేళ్లు వేస్తుంది. కాబట్టి పూత వచ్చిన కాడలను కంపోస్టులో వేయకుండా, సంచిలో మూసి ఎండలో పూర్తిగా కుళ్లనిచ్చే ఏర్పాటు చేశాం. మొగ్గ కనబడగానే కోయడం అనే నియమం మాత్రం ఈ తోటలో ఎవరూ పెద్దగా తప్పడం లేదు.

ముక్క నుంచి వేళ్లు వేసే ఆ గుణమే ఖాళీలు పూడ్చడానికి పనికొచ్చింది. స్ప్రింక్లర్ వల్ల పోయిన చివరన మళ్లీ గింజ చల్లలేదు. కోతలో వచ్చిన ముదురు కాడలను వేలెడు పొడుగున తుంచి, కింది ఆకులు తీసి, రెండు కణుపులు మట్టిలో ఉండేలా గుచ్చాం. కొద్ది రోజుల్లోనే అవి నిలబడ్డాయి.

తినేవాళ్ల కోసం

ఈ మొక్క ఆకుల్లో ఒమేగా-3 కొవ్వు ఆమ్లం, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం రూపంలో, మిగతా ఆకుకూరల కన్నా ఎక్కువగా ఉంటుంది. విటమిన్ సి, బీటా కెరోటిన్ కూడా ఉన్నాయి. ఇవన్నీ నిజమే అయినా నేను ముందు చెప్పేది ఆక్సలేట్ల గురించి, అంటే కిడ్నీలో రాళ్లకు దారితీయగల లవణాల గురించి. ఇవి గంగవాయిలిలో బాగా ఎక్కువ. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దీన్ని తినకూడదు. మిగతావాళ్లు కూడా రోజూ గిన్నెల కొద్దీ తినక్కర్లేదు. ఉడికించి నీళ్లు పారబోస్తే కరిగే ఆక్సలేట్లు కొంత తగ్గుతాయి. పెరుగు లాంటి కాల్షియం ఉన్నదానితో కలిపి తిన్నా శరీరం పీల్చుకునేది తగ్గుతుంది. ఈ ఇంట్లో కుక్క ఉంది. పెంపుడు జంతువులకు ఎక్కువగా తింటే మంచిది కాదు కాబట్టి మడి మొదట్లో చిన్న తడిక కట్టించాం.

కోసేవాళ్లందరికీ నేర్పాల్సిన పరీక్ష మరొకటి. ఇలాంటి పరుపుల్లోకి నేలబారు యుఫోర్బియాలు, నానబాలు జాతివి, చొరబడతాయి. దూరం నుంచి చూస్తే ఒకేలా కనిపిస్తాయి, కానీ అవి తినేవి కావు. కాడ తుంచి చూడాలి. పాలు కారితే అది గంగవాయిలి కాదు. గంగవాయిలి కాడలో వచ్చేది నీటి లాంటి రసమే, కాడ మీద నూగు ఉండదు. తెల్ల గలిజేరు ఇంకా దగ్గరగా పోలి ఉంటుంది. దానికి పాలు రావు కాబట్టి తుంచితే తెలియదు. దానిలో ఎదురెదురు ఆకులు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఉంటాయి, పువ్వు తెల్లగానో లేత గులాబీగానో ఆకు మొదట్లో ఒదిగి ఉంటుంది. అనుమానం ఉన్న కాడను బుట్టలో వేయకుండా పక్కన పెట్టమని చెప్పాను.

ఇప్పుడు

పాత లాన్‌కు రెండు పూటలా పట్టిన నీళ్లు ఇప్పుడు అక్కడ పట్టడం లేదు. ఎండ బాగా ముదిరిన వారాల్లో కూడా ఆకు వంగేదాకా ఆగే డ్రిప్ తిప్పుతున్నారు. ఇంటి గోడ వారగా పరుపు పచ్చగానే ఉంది. చలి మొదలయ్యాక గంగవాయిలి దానంతట అదే వెనక్కి తగ్గింది. ఆ కాలంలో కాడలను తీసి, మడి మీద ఎండుటాకులు పరిచి, పోర్చులకేరియా అంచులను కత్తిరించి గుబురు చేశాం. నేల మళ్లీ వేడెక్కాక ఆకులు పక్కకు తీసేసరికి, అడపాదడపా రాలిన గింజలు వాటంతటవే మొలిచాయి. వాటిని పలచన చేయడంతోనే ఈసారి పని మొదలైంది, కొత్తగా విత్తనం వేయలేదు.

ముందు వైపు కూరగాయల మళ్ల మధ్య కూడా దీన్నే వేయమని ఇంటివారు ఇప్పుడు అడుగుతున్నారు. బాగా ఎదిగిన కూరగాయ మొక్కల కింద సరేనన్నాను, అక్కడా నీడ పలచగా ఉన్నచోటే. ముదురు నీడలో ఇది సన్నగా సాగి పడిపోతుంది. కూరగాయల నారు మధ్య మాత్రం వద్దన్నాను. నారు నిలదొక్కుకునే రోజుల్లో ఇది నీళ్లకూ చోటుకూ పోటీ పడుతుంది, ఒక్క కోత తప్పినా గింజ మళ్లన్నిటికీ పాకుతుంది. అక్కడ ఎండుగడ్డి మల్చింగ్ చాలు.